ఖాళీ ఇంటి దోమలు

దోమను పట్టడం ఎలాగో ముందు చెప్తాను. అది తెలియకపోతే మిగతాది ఎవరూ నమ్మరు. మూరెడు రబ్బరు గొట్టం, దాని కొసన గాజు గొట్టం, రెండూ కలిసేచోట సన్నని వలగుడ్డ ముక్క. రబ్బరు కొస నోట్లో పెట్టుకుని, గాజు కొసను గోడ మీద కూర్చున్న దోమ వెనక్కి మెల్లిగా తీసుకెళ్ళి, ఊపిరి లోపలికి పీల్చాలి. దోమ గాజులోకి వచ్చేస్తుంది. మధ్యలో గుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. నాకు మాత్రం మొదటి నెలంతా ప్రతి పీల్పుకీ వచ్చి గొంతులో వాలినట్టే ఉండేది. అన్నం సయించేది కాదు.

మా నాన్న సికింద్రాబాద్‌లో మిషన్ బడిలో సైన్సు మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం మాది. నేను మెట్రిక్ పాసై, టైపు నేర్చుకుని, పంతొమ్మిదో ఏట మా జనం దోమల ఆఫీసు అనే చోట చేరాను. అక్కడ ఒక డాక్టరుగారు చలిజ్వరం మీద పరిశోధన చేసేవారు. పరదా పాటించే ఇళ్ళలోకి మగవాళ్ళు వెళ్ళలేరు, అందుకని దోమలు పట్టడానికి ఆడమనిషి కావాల్సి వచ్చింది. నాతోపాటు టార్చి పట్టుకోవడానికి సీతాఫల్‌మండి నుంచి ఒకావిడ వచ్చేది. నలభై ఏళ్ళ మనిషి, భర్త లేడు. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ బిడ్డా అనేది.

మా పని పొద్దున్నే. రాత్రి నెత్తురు తాగిన దోమ ఎగరలేక తెల్లారేసరికి చీకటి మూల చూసుకుని గోడ మీద కూర్చుంటుంది. దాని పొట్ట చూస్తే సంగతి తెలిసిపోతుంది. తాగిన తొలిపూట ఎర్రగా ఉబ్బి ఉంటుంది. మర్నాటికి నల్లబడుతుంది. ఎర్ర పొట్ట కనబడితే నిన్న రాత్రి అక్కడ ఎవరో నెత్తురిచ్చారన్నమాట. అది గొడ్డు నెత్తురా మనిషి నెత్తురా చెప్పే రసం ఒకటి డాక్టరుగారి దగ్గర సీసాలో ఉండేది. దోమను కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఇంకో సంగతి కూడా తెలిసేది. జబ్బు మనిషిని కుట్టిన దోమ అయితే, పది రోజులకల్లా దాని కడుపు గోడ మీద సన్నని పొక్కులు లేస్తాయి.

దోమ కుట్టడం వల్లనే చలిజ్వరం వస్తుందన్న సంగతి లోకానికి తెలిసింది మా సికింద్రాబాద్ గడ్డ మీదే. మా నాన్న ఆ మాట ప్రతి ఏడూ పిల్లలకు ఛాతీ విరుచుకుని చెప్పేవారు. తెలిసి యాభై ఏళ్ళయింది. అయినా వానాకాలం వస్తే మా వీధిలో ఇంటికొకరు దుప్పటి కింద వణుకుతూనే ఉండేవారు, మా నాన్నతో సహా. ఇదేం తెలివి అని నాకు ఒళ్ళు మండేది.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. ఒకరోజు డాక్టరుగారినే అడిగేశాను. "ఏ ఇంట్లో జబ్బుందో మనకు బుధవారానికల్లా తెలిసిపోతోంది కదండీ. తెలిసి రిజిస్టర్లో రాసి బీరువాలో పెడుతున్నాం. ఆ ఇంటివాళ్ళకు ఎప్పుడు చెప్తాం?"

"మనది పరిశోధనమ్మా. మందులివ్వడం వేరేవాళ్ళ పని. ముందు పేపరు అచ్చవనీ" అన్నారాయన.

"అచ్చయిన కాగితం నానబెట్టి తాగమంటారా వాళ్ళని?"

ఆయన మంచివారు కాబట్టి నా ఉద్యోగం నిలిచింది. రెండు నెలలు చెవినిల్లు కట్టుకుని పోరాక ఒక ఏర్పాటుకు ఒప్పుకున్నారు. జబ్బు దోమ దొరికిన ఇంటి గుమ్మం మీద నేను సుద్దతో గుర్తు పెట్టాలి. మర్నాడు దవాఖానా కాంపౌండరు వచ్చి, గుర్తున్న ఇళ్ళన్నిటా అయిదు రోజులకు సరిపడా క్వినైన్ గోళీలు ఇచ్చి వెళ్ళాలి. ఏం గుర్తు పెడతావని అడిగితే ఆలోచించకుండానే సిలువ అన్నాను. సండే స్కూల్లో చిన్నప్పుడు విన్న కథ నా మనసులో ఉంది. ద్వారబంధానికి గుర్తున్న ఇంటిని చావు దాటిపోతుంది. నాకు గుమ్మం మీద గుర్తంటే దయ, రక్షణ. వేరే అర్థం ఉండగలదని తోచనే లేదు.

రాంగోపాల్‌పేట్‌లో ఒక ఇల్లు మా జాబితాలో ఉండేది. ముందు చిన్న గది, దాని వెనక తలుపు, ఆ తలుపు అవతల అంగణం, ఆడవాళ్ళుండే జనానా గదులు. ఆ ఇల్లాలికి నాకంటే అయిదారేళ్ళు ఎక్కువ. నేను ఆపా అని పిలిచేదాన్ని. నన్ను చూడగానే, "ఆవో మచ్ఛర్‌వాలీ, నీ దోమలు రాత్రంతా మంచిగ తాగినయి, జల్దీ తీస్కపో" అని ఏడిపించేది. ఆమెకు అయిదేళ్ళ కూతురు. ఆ పిల్ల నోరు గల్లీ చివరిదాకా వినబడేది. నేను ఊపిరి బిగబట్టి గోడ దగ్గర వంగినప్పుడు వెనక నుంచి వచ్చి నా చెవిలో గుయ్‌ఁ అనేది. నేను ఉలిక్కిపడితే పొట్ట పట్టుకుని నవ్వేది. దానివల్ల ఎన్ని దోమలు పోయాయో చెప్పలేను.

ఆ సెప్టెంబరులో ఫౌజు వచ్చింది. పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు గానీ వచ్చింది సైన్యమే. మా నాన్న మమ్మల్ని వారం రోజులు గడప దాటనివ్వలేదు. కొందరు వీధుల్లో మిఠాయిలు పంచారు. కొందరి ఇళ్ళకు రాత్రికి రాత్రి తాళాలు పడ్డాయి. మా ఆఫీసు తెరవగానే డాక్టరుగారు వేసిన మొదటి ప్రశ్న, ఎన్ని వారాలు పోయాయని. మూడేళ్ళుగా అవే ఇళ్ళలో ప్రతివారం దోమలు లెక్కపెడుతున్నాం, వరస తెగితే పనంతా మట్టిపాలవుతుందని ఆయన బెంగ.

రాంగోపాల్‌పేట్ ఇంటికి తాళం వేసి ఉంది. ఆపా భర్త రజాకార్లలో చేరాడని గల్లీలో అనుకునేవారు. నేను చూసింది మాత్రం పెన్నుల దుకాణంలో కూర్చుని పాళీలు బాగుచేసే మనిషిని. పక్కింట్లో ముసలి అవుసులాయన ఉండేవాడు, మూడు తరాలుగా ఆ గల్లీలోనే బంగారం పని చేస్తున్న కుటుంబం. తాళంచెవి ఆయన దగ్గర ఉంది.

"అందరు పోయిన్రమ్మా. ఎక్కడికి పోయిన్రో ఎవలకెరుక" అన్నాడు. "ముందు అర్ర చూస్కోండ్రి. లోపలి తలుపుకు సుత తాళమే, దానిది నా తాన లేదు."

మేము తాళం తీస్తుంటేనే ఆయన లోపలికెళ్ళి సుత్తి అందుకున్నాడు. టకటకమని చప్పుడు మొదలైంది. ఏ నగకూ అంత గట్టిగా కొట్టరు. ఊళ్ళో పెళ్ళిళ్ళే లేని రోజుల్లో ఈయన పొద్దున్నే ఎవరికి నగ చేస్తున్నాడా అనుకున్నాను.

గదిలో చాపలు లేవు, గిన్నెలు లేవు. మనుషులు వదిలేసిన ఇంట్లో ఉండే దుమ్ము వాసన. అక్క టార్చి వేసింది. లోపలి తలుపు చుట్టూ గోడ మీద దోమలు ఉన్నాయి, నాలుగో అయిదో కాదు, మనుషులున్న ఇళ్ళలో కూడా నేనెప్పుడూ చూడనన్ని. వెలుతురు పడ్డా కదల్లేదు. గాజు గొట్టం దగ్గరకు తీసుకెళ్ళాక వాటి పొట్టలు కనబడ్డాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి.

అక్క ఒకడుగు వెనక్కి వేసింది. "గిదేంది బిడ్డా? ఇంట్ల మనుషులు లేరంటున్రు గద. గియ్యి ఎవల నెత్తురు తాగినయి?"

"పక్కన పశువులు ఉండి ఉంటాయి అక్కా."

"గీ గల్లీల పసులెక్కడియి?"

పట్టినన్ని పట్టి, గొట్టం నోట్లోంచి తీశాక పెదాలు చల్లబడి ఉండటం తెలిసింది. బయటికొచ్చి తాళం వేయగానే సుత్తి చప్పుడు ఆగిపోయింది. అక్క దారంతా దయ్యాల మాటే. నేను విసుక్కున్నాను గానీ, ఆ పూట వెనక్కి తిరిగి చూడాలంటే నాకూ ధైర్యం చాలలేదు.

డాక్టరుగారు రసం వేసి చూశారు. మనిషి నెత్తురే.

"చూశావా, ఎక్కడో తాగి ఖాళీ ఇల్లు వెతుక్కుని వచ్చి కూర్చుంటున్నాయి. ఇది ఎవరూ రాయలేదు ఇంతవరకు" అన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. నిండా నెత్తురు తాగిన దోమ నాలుగు గోడలు దాటి అంతదూరం ఎగరదని నాకు నేర్పింది ఆయనే. ఆ మాట అనబోయి, అంటే ఏం జరుగుతుందో తోచి నోరు మూసుకున్నాను. ఆ వారాల్లో ఫలానా ఇంట్లో మనిషి ఉన్నాడు అని ఒక మాట అంటే, అది ఎన్ని చెవులు దాటి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

రెండో వారం వెళ్ళాం. సుత్తి మొదలైంది. దోమలు అలాగే ఉన్నాయి. నేను లోపలి తలుపు పక్కన వంగి ఉన్నాను. తలుపు మీద తాళం లేదని అప్పుడు చూశాను. అయినా తోస్తే రాదు. అవతలి వైపు నుంచి గడియ వేసి ఉంది. అప్పుడే తలుపు సందులోంచి సన్నగా, చెవికి అందీ అందనట్టు, గుయ్‌ఁ అని వినిపించింది.

దోమే అనుకున్నాను. కానీ దోమ రొద అలా ఒక్కసారిగా ఆగిపోదు. అది ఆగింది, నోటికి చెయ్యి అడ్డం పెడితే ఆగినట్టు. తలుపుకు అవతల, నా మొహానికి జానెడు దూరంలో, ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేనూ ఊపిరి బిగబట్టే ఉన్నాను. గొట్టం నా నోట్లోనే ఉంది. పక్కింట్లో సుత్తి మరింత గట్టిగా మోగింది. ఆ చప్పుడు ఎవరికోసమో అప్పుడు అర్థమైంది.

ఆ దోమలను నేనే కోశాను. రెండింటి కడుపు గోడల మీద పొక్కులు ఉన్నాయి. మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేకపోయాను. గల్లీ చివరిదాకా వినబడే ఆ పిల్ల మూడు వారాలుగా గొంతు లేకుండా చీకట్లో ఉంది. దానికి చలిజ్వరం పట్టి కనీసం పది రోజులైంది. ఆ సంగతి ఈ భూమ్మీద దాని తల్లి తర్వాత నాకొక్కదానికే తెలుసు. మనిషి మొహం చూడకుండా, చెయ్యి పట్టుకోకుండా, దోమ కడుపులో చూసి తెలుసుకున్నాను. ఇన్నాళ్ళూ దేనికోసం డాక్టరుగారితో పోట్లాడానో అది ఇదే. ఆ గోళీలు చేరితే పిల్ల బతుకుతుంది, చేరకపోతే ఏమవుతుందో మా వీధిలో నేను చాలాసార్లు చూశాను.

మర్నాడు పొద్దున నాన్న కోసం ఇంట్లో ఉంచిన గోళీల్లో రెండు రోజులకు సరిపడేవి పొట్లం కట్టుకుని వెళ్ళాను. అది మా దోమల రోజు కాదు. ముందు అవుసులాయన్ని అడిగి చూశాను. "తాతా, లోపల ఎవరికైనా జ్వరం గిరం ఉంటే నాతో చెప్పొచ్చు. నేను ఎవరికీ చెప్పను."

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "లోపల ఎవల్లేరమ్మా" అన్నాడు. తాళంచెవి మాత్రం ఇచ్చాడు. ఆ రోజు సుత్తి మోగలేదు.

లోపలి తలుపు దగ్గర కూర్చుని పొట్లం తలుపు కింద సందులోకి తోశాను. "ఆపా, నేను మచ్ఛర్‌వాలీని. పాపకు బుఖార్ ఉంది కదా. ఇది మందు. పొద్దున సగం గోళీ, సాయంత్రం సగం. మిగతావి రేపు వస్తాయి" అన్నాను, ఎంత చిన్న గొంతుతో అనగలనో అంత చిన్నగా. పొట్లం సగం ఇటు, సగం అటు ఉండిపోయింది. అక్క నా భుజం పట్టుకుని, పోదాం పా బిడ్డా అని లాగుతోంది. అప్పుడు పొట్లం మెల్లిగా, చప్పుడు లేకుండా, దానంతటదే లోపలికి పోయింది. వేలు కూడా కనబడలేదు. అక్క దేవుణ్ణి తలుచుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, సంతోషంతో.

మిగతా మూడు రోజుల గోళీలు కాంపౌండరు తేవాలి. ఆయన చాదస్తం మనిషి, గుర్తు లేని గుమ్మంలో గోళీ ఇవ్వడు. గుర్తుంటే, తాళం వేసి ఉన్నా పక్కింటి అవుసులాయన చేతికైనా ఇచ్చి వెళ్తాడు. తాళం వేసి, సుద్ద తీశాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "జెర ఆగు బిడ్డా. గీ గుర్తు ఇప్పుడొద్దు. గల్లీలల్ల గుర్తులంటెనే పరేషాన్ అయితున్రు జనం."

"ఇది మందు గుర్తు అక్కా. ఇన్నాళ్ళూ పెడుతూనే ఉన్నాం కదా."

"అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. నా మాటిను."

"నీకు అన్నీ దయ్యాలే!" అని కసిరాను. ఆవిడ నన్ను కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. చెయ్యి వదిలేసింది. ఆ ద్వారబంధం నిండా చెక్కుడు పువ్వులు, నున్నని చోటు తక్కువ. నిలువుగా పట్టక సిలువను కాస్త వాల్చి గీశాను. గీశాక చూస్తే బడి పలక మీద తప్పు లెక్కను కొట్టేసిన ఇంటు గుర్తులా ఉంది. పరవాలేదు, కాంపౌండరుకు అర్థమవుతుందిలే అనుకున్నాను.

తర్వాతి మా దోమల రోజున వెళితే తాళంచెవి అడగక్కర్లేకపోయింది. ముందు తలుపు తెరిచే ఉంది. లోపలి తలుపూ తెరిచే ఉంది. అంగణంలోకి ఎండ పడుతోంది. గోడల మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని దోమలు, అన్నీ నల్లపొట్టవి. ఎర్రది ఒక్కటీ లేదు. మూల గదిలో రెండు దుప్పట్లు, ఒక మట్టి కూజా ఉన్నాయి. కూజా పక్కన నా పొట్లం ఉంది. విప్పి చూశాను. ఒక్క గోళీ కూడా తగ్గలేదు.

అవుసులాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

"తలుపులకు గుర్తు పెట్టిపోతున్రు, గుర్తున్న ఇంటి మీద రాత్రి పడుతున్రు అని మాట పుట్టింది గదమ్మా. నిజమో అబద్ధమో, గా మాట లోపలికి సుత పోయింది. మీరు పోయిన తెల్లారి నేను బువ్వ ఇయ్యనీకె తలుపు తీస్తె ఆమె బయటికి తొంగి గుమ్మం చూసింది. ఎవలు గీ కాటా గుర్తు వేసిన్రు అనడిగింది. నాకేమెరుక? మీరు దప్ప ఎవలు రాలేదన్న. గా పొట్లం ఇచ్చిన చెయ్యే గీ గుర్తు పెట్టిందంటె, అది మందు కాదు, విషమే అన్నది. పిల్లకు ఒక్కటి సుత వెయ్యలే. గప్పుడే బుర్ఖా వేస్కుని పిల్లను ఎత్తుకున్నది. ఒళ్ళు కాలిపోతున్నదమ్మా పిల్లకు. మీ కాంపౌండరు రాకముందే స్టేషన్ దిక్కు పోయింది. బీదరు తాన అన్న ఉన్నడంట."

ఆ రోజుల్లో బీదరు వైపు నుంచి వచ్చే చావు కబుర్లను మా నాన్న మమ్మల్ని విననిచ్చేవారు కాదు. నేను స్టేషన్‌కు పరిగెత్తాను. వాళ్ళు వెళ్ళి అయిదు రోజులైంది, ఎవరిని అడగను? ప్లాట్‌ఫారం అంతా మూటలు, మనుషులు. ప్రతి బుర్ఖా వెనక్కీ వెళ్ళి చంకలోని పిల్ల మొహం చూశాను. ఆడవాళ్ళు నన్ను చూసి భయపడి పిల్లల్ని దాచుకున్నారు. అక్క నన్ను తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం కలిపి పెట్టింది. నేను చెప్పిన గద ముందే అని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

అబద్ధం చెప్పకూడదు, మా పద్ధతి పనిచేసింది. చలికాలం వచ్చేసరికి నేరేడ్‌మెట్ నుంచి సీతాఫల్‌మండి దాకా గుర్తు పెట్టిన ఇళ్ళలో జ్వరాలు తగ్గాయి. గుర్తు మార్చాం. సిలువ తీసేసి, పచ్చ కాగితం మీద ఉర్దూలో, తెలుగులో జ్వరం మందు అని రాయించి అతికించాం. ఊరంతటికీ ఇదే పద్ధతి పెడదామని పైవాళ్ళు ముందుకొచ్చారు. డాక్టరుగారి పేపరు ఈసారి బీరువాలో ఉండిపోలేదు. ఆ గోళీలతో లేచి తిరిగిన పిల్లలను నేనే చాలామందిని చూశాను, సంతోషించాను. అది కూడా నిజమే.

ఆ పేపరుకు ఇంటివారీ పట్టిక కావాల్సి వచ్చింది. డాక్టరుగారు చదువుతున్నారు, నేను టైపు కొడుతున్నాను. రాంగోపాల్‌పేట్ ఇంటి దగ్గర ఆగారు. "ఇది ఖాళీ ఇల్లు కదా, జబ్బు దోమలు ఎలా వచ్చాయి?"

అప్పటికి ఊరు కాస్త సద్దుమణిగింది. "ఖాళీ కాదండి. ఒక పాప ఉంది. ఆడపిల్ల, అయిదేళ్ళు" అన్నాను.

"నీకు తెలుసా! మందు ఇచ్చారా?"

"ఇచ్చాను."

"తర్వాత వారం దోమల్లో పొక్కులున్నాయా?"

"లేవండి."

"మరింకేం, నయమైనట్టే. అలాగే కొట్టు" అన్నారు. ఆయన ముఖంలో నిజమైన ఆనందం ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. చెప్తే ఏ వరస దగ్గర మొదలుపెట్టాలో తెలియలేదు. నా గీత గురించి చెప్పాలి, అక్క పట్టుకున్న చెయ్యి గురించి చెప్పాలి. ఆయన తర్వాతి వరస మీద వేలు పెట్టి ఎదురుచూస్తున్నారు. నేను కొట్టాను. ఆడపిల్ల, అయిదేళ్ళు, నయమైంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.